రసమట్టం కింద అక్షింత గింజ

నేను ఒక రసమట్టాన్ని. పేరు విని నా కడుపులో పాదరసం ఉందనుకునేరు, అదేమీ లేదు. అడుగు పొడవు ఇరుగుడు చెక్క, నడుమ ఇత్తడి రేకు, ఆ రేకు కింద చిటికెన వేలంత గాజు గొట్టం, అందులో లేతాకుపచ్చ ద్రవం, ఆ ద్రవంలో ఒక గాలి బుడగ. నా ఆస్తంతా ఇంతే. గొట్టం మీద రెండు నల్లగీతలుంటాయి. బుడగ ఆ రెండింటి మధ్య నిలిస్తే నా కిందున్నది సమంగా ఉన్నట్టు లెక్క. మనుషులు అది చూసి హమ్మయ్య అనుకుని బీడీ ముట్టించుకుంటారు. ఆ బుడగను మోస్తున్న చెక్క వంక మాత్రం ఎవరూ చూడరు.

ఊళ్ళో గోడలన్నిటి నిలకడకూ సాక్ష్యం చెప్పే నాకు నిలకడ లేదు. వీధిలో లారీ పోతే నా బుడగ ఉలిక్కిపడుతుంది. పక్కింట్లో రోకలి పోటు పడినా అంతే. ఎక్కడైనా పెట్టి వదిలేస్తే మధ్యకొచ్చి ఆగినట్టే కనబడుతుంది కానీ, ఆగదు. లోపల్లోపల వెతుక్కుంటూనే ఉంటుంది. పుట్టిన దగ్గర్నుంచీ నాకిదే అవస్థ. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నాదంతా కంగారు అని తీసిపారేయకండి.

నేను పుట్టింది ఉత్తరాదిలో ఎక్కడో, రైలు పట్టాల పక్కనున్న రేకుల షెడ్డులో. రైలొచ్చినప్పుడల్లా పని ఆపి, అది పోయాక మళ్ళీ మొదలుపెట్టేవారు. గాజు గొట్టాన్ని నా నడుములో బిగించిన ఆవిడ నన్నొక నల్లరాతి పలక మీద పెట్టి చూసింది. బుడగ మధ్యలోనే ఉంది. నేను పొంగిపోయేలోగా తల అటుది ఇటు తిప్పి మళ్ళీ పెట్టింది. బుడగ కాస్త జరిగింది. ఆవిడ ఆకురాయి తీసి నా అడుగున రెండు రుద్దులు రుద్దింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తిప్పింది. అలా పదిసార్లు. ఎటు తిప్పినా ఒకే మాట చెప్పేదాకా నన్ను వదల్లేదు. ఇంత అనుమానమేమిటని అప్పుడు ఉడుక్కున్నాను. నా జీవితంలో నాకు దక్కిన అసలైన గౌరవం అదేనని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అక్కణ్ణుంచి చేతులు మారి మారి పెద్దాపురంలో ఒక ఇనుప సామాన్ల కొట్టుకు వచ్చాను. పోతురాజు అనే తాపీ మేస్త్రి నన్ను కొనుక్కున్నాడు. కొన్న రోజే మేకుతో నా ఒక పక్క 'పో' అని గీశాడు. నొప్పి పుట్టిన మాట నిజమే గానీ, నాకంటూ ఒక ముఖం వచ్చింది. ఆ అక్షరం కనబడే వైపు ముందు, కనబడని వైపు వెనక.

పోతురాజుతో ఇరవై రెండేళ్ళు తిరిగాను. ఎన్ని గోడలు, ఎన్ని గట్లు! మనుషుల సంగతి నాకు బాగా అర్థమైంది ఆ రోజుల్లోనే. గడప సమంగా ఉండాలి, గట్టు సమంగా ఉండాలి, మెట్టు సమంగా ఉండాలి అని ప్రాణం తీస్తారు. నేల దగ్గరికొచ్చేసరికి మాత్రం "మేస్త్రీ, ఈశాన్యం వైపు కాస్త వాటం పెట్టు" అంటారు. అంటే నేల ఆ మూలకు వాలి ఉండాలి, కడిగిన నీళ్ళు అటే పోవాలి. వాస్తు కోసమో నీళ్ళ కోసమో వాళ్ళకే తెలియాలి. అప్పుడు నా బుడగ మధ్య నుంచి ఎంత జరగాలో చూసుకుని మరీ నేల వేసేవాడు పోతురాజు. సమానం చెప్పడానికి పుట్టిన నన్ను పెట్టుకుని వంపు కొలిచేవారు. ఏం చేస్తాం, అదీ కొలతే.

అలా వాటం పెట్టి వేసిన నేలల్లో ఒకటి కనకలింగాచారి షాపు నేల. ఆయన పటాలు కట్టేవాడు. దేవుడి పటాలు, పెళ్ళి ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు, అన్నిటికీ చెక్క చట్రాలు ఆయనే చేసేవాడు. ఇంటికి ఆనుకునే కొత్తగా షాపు గది వేయించుకుంటున్నాడు. ఆయన భార్య మాణిక్యం మేస్త్రికి మజ్జిగ ఇవ్వడానికి వచ్చి, అతను నన్ను గట్టు మీద పెట్టడం, చూడ్డం, తల తిప్పి మళ్ళీ పెట్టడం గమనించింది.

"ఒకసారి చూశావు కదా, మళ్ళీ తిప్పి పెడతావేంటి?" అని అడిగింది.

"దాని మాట ఒక్కసారి అడిగి నమ్మేత్తే ఎలాగమ్మా," అన్నాడు పోతురాజు. "అటు తిప్పి ఓసారి, ఇటు తిప్పి ఓసారి అడగాల. రెండుసార్లూ ఒకటే చెప్తే అప్పుడు నిజమన్నమాట. దెబ్బ తగిల్తే ఇదీ అబద్ధమాడుద్ది."

మాణిక్యం నవ్వేసి గ్లాసు పుచ్చుకుని వెళ్ళిపోయింది. మనుషులు ఇలాంటి మాటలు ఎక్కడ దాచుకుంటారో, ఎప్పుడు బయటికి తీస్తారో నాకు అంతుబట్టదు.

మోకాళ్ళు అరిగి పోతురాజు నిచ్చెన ఎక్కడం మానేసిన ఏడు, తన తల్లి ఫోటో పట్టుకుని ఈ షాపుకే వచ్చాడు. పటం తయారయ్యాక కనకలింగం దాన్ని బల్ల మీద పెట్టి, "మూల మీద గోరు పెట్టి చూడు" అన్నాడు. అది ఆయన అలవాటు, గర్వం కూడా. చట్రంలో రెండు పట్టీలు ఏటవాలుగా కలిసే చోట గోరు దూరితే ఆ పటం ఆయన అమ్మడు, విప్పేసి మళ్ళీ కడతాడు. పోతురాజు సిమెంటు తిన్న బొటనవేలి గోరు నాలుగు మూలల మీదా నడిపించాడు. ఎక్కడా తగల్లేదు. సంచిలోంచి నన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకింక దీంతో పని లేదండి. పనితనం తెలిసిన చేతిలో ఉంటే దీనికీ బాగుంటదండి," అన్నాడు.

కనకలింగం నన్ను రెండు చేతులా అందుకున్నాడు. ఆ పట్టులో నాకు భయం వేయలేదు. అంత స్థిరమైన చేతులు నేనెన్నడూ ఎరగను. నా బుడగ కూడా కాసేపు కుదురుగా ఉంది.

ఏళ్ళు గడిచాయి. ఆ చేతుల్లో ఒకటి మారింది. మొదట మాణిక్యం చూసింది, కాఫీ గ్లాసు సాసర్లో టకటకమన్నప్పుడు. తర్వాత నేను చూశాను. కుడిచెయ్యి వణుకు. డాక్టరు మాత్రలిచ్చాడు, చేతికి పని తగ్గించమన్నాడు. చేత్తో రంపం పట్టి ఏటవాలు కోత కోస్తే గీత తప్పడం మొదలైంది. మూలల్లో గోరు దూరింది. విప్పి మళ్ళీ కట్టడం, మళ్ళీ విప్పడం. వచ్చిన వాళ్ళకు బాగానే కనబడేవి ఆ పటాలు. ఆయనకు మాత్రం నచ్చేవి కావు. మాణిక్యం తమ్ముడు తన ప్లైవుడ్ కొట్టులో కుర్చీ వేస్తాను, వచ్చి కూర్చోమన్నాడు. మర్యాదగానే పిలిచాడు. ఆ మర్యాదకే ఈయన రెండు పూటలు సరిగ్గా అన్నం తినలేదు.

అప్పుడు వచ్చింది ఊరి గ్రంథాలయం వారి పని. వందేళ్ళనాటి కాలవల పటం, గోదావరి కాలవలన్నీ నీలం సిరాతో గీసింది, ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాల నాటికి దానికి టేకు చట్రం కట్టివ్వాలి. అంత పొడుగు పట్టీలు, అంత మందం, నాలుగు మూలలు. కనకలింగం ఒప్పుకుని, లోపలికొచ్చి భార్యతో ఒకటే మాట అన్నాడు.

"ఈ పటానికి మూల మూసుకుంటే షాపుంటది. మూసుకోపోతే బోర్డు దించేసి మీ తమ్ముడి కొట్టుకెళ్ళి కూర్చుంటాను. ఇంక మళ్ళీ ఈ మాటెత్తకు."

ఆవిడ మాటెత్తలేదు. దసరాకు ఓ కటింగు మిషను తెప్పించింది. అడ్డంగా తిరిగే గుండ్రటి రంపం, కావలసిన డిగ్రీ దగ్గర బిగించి పిడి కిందికి లాగితే ఏటవాలుగా కోసేస్తుంది. చెయ్యి వణికినా రంపం తన దారి తప్పదు. డబ్బా మీద మైటర్ సా అని రాసి ఉంది గానీ మా షాపులో అందరూ కటింగు మిషనే అన్నారు. నేను మాత్రం మొదటిరోజు దానితో మాట్లాడలేదు. కొత్తవాళ్ళ దగ్గర నాకు బిడియం.

ఆయుధపూజ నాడు మాణిక్యం పనిముట్లన్నీ తుడిచి వరసగా పేర్చింది. ఉలులు, చిత్రికలు, రంపాలు, మూలమట్టం, నడుమ బంతిపూల దండతో ఆ కొత్త పెళ్ళికొడుకు. అందరికీ గంధం, పసుపు, కుంకుమ. నా దగ్గరకొచ్చి ఆగింది. పైన బొట్టు పెడితే గాజు మీద పడి బుడగ కనబడదేమోనని ఆలోచించింది. ఎంత జాగ్రత్త మనిషో చూడండి. నన్ను బోర్లించి అడుగున, 'పో' అక్షరం ముందుంటే కుడి కొస అయ్యే చోట, ఇంత గంధం ముద్ద పెట్టి కుంకుమ అద్దింది. మీద అక్షింతలు చల్లింది. ఆవిడకు తెలియనిదల్లా ఒకటే. ఆ పొద్దున్నే కనకలింగం జిగురు పెట్టిన చట్రం మీద నన్ను బరువుగా ఉంచాడు, సరిగ్గా అక్కడే నాకో జిగురు చుక్క అంటుకుంది. గంధంలో ఒక అక్షింత గింజ ముక్క చిక్కింది, జిగురు దాన్ని కరిచి పట్టుకుంది. మూడో రోజుకు రాయిలా బిగిసింది.

చెప్పులో రాయి పడ్డ మనిషికి తెలుస్తుంది నా బాధ. తేడా ఏమిటంటే, ఆ మనిషి ఆగి చెప్పు దులుపుకోగలడు.

నాలుగో రోజు మిషనుకు పీట కట్టడం మొదలైంది. మధ్యలో మిషను, దానికి అటొకటి ఇటొకటి అయిదేసి అడుగుల బల్లలు. మిషను పళ్ళెం, రెండు బల్లలు, మూడూ ఒకే వరసలో ఒకే ఎత్తున ఉండాలి. అప్పుడే పొడుగు పట్టీ వాటి మీద చదునుగా పడుకుంటుంది. ఒక బల్ల వెంట్రుకవాసి లేచినా పట్టీ మిషను మీద అతక్కుండా కాస్త పైకి లేస్తుంది, కోత పక్కకు ఒరుగుతుంది. పైగా నేల ఈశాన్యానికి వాలి ఉంది, నేను దగ్గరుండి వేయించిన వాటమే అది. అందుకని ఒక్కో కాలి కింద ప్లైవుడ్ ముక్కలు పెట్టి ఎత్తాలి. ఎంత ఎత్తాలో నేనే చెప్పాలి.

కనకలింగం నన్ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. అడుగున ఎర్రగా ఉన్నది చూడకపోలేదు, చూశాడు. పూజ బొట్టు కదా అని కళ్ళకద్దుకున్నాడు. దాన్ని తుడిచే ఆలోచన కూడా రాలేదు. నన్నలాగే ఎడమ బల్ల మీద పెట్టాడు, అక్షరం తనవైపు ఉండేలా. నా కుడి కొస గింజ మీద లేచి ఉంది. బుడగ ఎడమకు రావాలంటే బల్ల అంతా కుడికి వాలాలి. ఆయన ముక్కలు పెట్టి పెట్టి వాల్చాడు. బుడగ మధ్యకొచ్చింది. మిషను దగ్గరా అదే. నేను లోపల కొట్టుకుంటున్నాను, బుడగ మాత్రం బుద్ధిమంతుడిలా రెండు గీతల మధ్య నిలబడింది. నాకు నోరుంటే ఆ గది దద్దరిల్లేది.

కుడి బల్ల దగ్గర చోటు లేదు. గోడకు పట్టీల దొంతర ఉంది. అందుకని అటు తిరిగి కిటికీ వైపు నించుని, అక్షరం మళ్ళీ తనకు కనబడేలా నన్ను పెట్టాడు. అంటే నా తల అటుది ఇటైంది, గింజ ఈసారి రెండో పక్కకొచ్చింది. ఆ బల్ల మిగతా రెంటికీ ఎదురు దిక్కున వాలి, అవతలి కొస పైకి లేచింది. ఆయన వెనక్కి జరిగి, మూడింటి వంకా తృప్తిగా చూసి, నన్ను నిమిరి అలమర్లో పెట్టాడు.

తిప్పి చూడలేదు. పోతురాజు ఇచ్చిన వస్తువును అనుమానించడం మర్యాద కాదనుకున్నాడో ఏమో.

టేకు పట్టీలు కోతకొచ్చాయి. ఎడమ బల్ల మీంచి కోసినవి చక్కగా ఉన్నాయి. కుడి బల్ల మీంచి కోసినవి అడుగున ఒరిగాయి. కలిపి చూస్తే పైన మూసుకున్న మూల కింద నోరు తెరిచింది. కనకలింగం గోరు పెట్టాడు, గోరు దిగింది. ఇంకో మూల, మళ్ళీ దిగింది. నాలుగూ అంతే. మళ్ళీ కొంచెం కొంచెం కోసి చూశాడు. పట్టీలు పొట్టివైపోయాయి గానీ మూలలు మూసుకోలేదు. ఇంకొక్క చట్రానికి సరిపడా టేకు మాత్రం మిగిలింది. దాని మీద చెయ్యి వేయలేదాయన.

"కుడిపక్కే పోతంది చూశావా," అన్నాడు మాణిక్యంతో. గొంతులో కోపం లేదు, అదే నన్ను మరీ కంగారు పెట్టింది. "మిషను తెచ్చినా ఈ చెయ్యి చెయ్యే కదా. కుడిచేత్తోనే పట్టీ నొక్కుతున్నాను, అదే కదిలిపోతంది. మనం ఒప్పేసుకోవాల."

"మిషను వాణ్ణోసారి పిలిపిద్దామండి."

"మిషను బాగానే ఉంది. ఎడం పక్క బాగా కోత్తంది కదా. లైబ్రరీ మేడంకి రేపు కబురు పెట్టేత్తాను, ఇంకెవరికైనా ఇచ్చుకోమని. బోర్డు కూడా రేపే."

అన్నం తినకుండానే వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. చేతిని చూసుకుంటున్నాడు. ఎవరో అప్పిచ్చి మర్చిపోయిన వస్తువును చూసినట్టు చూస్తున్నాడు దాన్ని. అలమర్లోంచి నాకంతా కనబడుతోంది. మీకు అబద్ధమెందుకు, ఆ గంట నేను పడ్డ యాతన ఇంతకు ముందెప్పుడూ పడలేదు. ఆ చేతిది ఏ తప్పూ లేదని ఈ లోకంలో తెలిసింది నాకొక్కదానికే. నాకు నోరు లేదు, ఉన్నదల్లా ఒక బుడగ. అది కూడా అడిగితేనే చెబుతుంది, సరిగ్గా అడిగితేనే.

మాణిక్యం రంపపు పొట్టు ఊడ్వడానికి వచ్చింది. ఊడుస్తూ కుడి బల్ల దగ్గర ఆగింది. మిగిలిన టేకు పట్టీ ఒకటి తీసి మిషను, రెండు బల్లల మీదుగా పడుకోబెట్టింది. మిషను దగ్గర వేలితో నొక్కితే పట్టీ టక్కుమని చప్పుడు చేసింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ టక్కుమంది. తర్వాత అలమర దగ్గరకొచ్చి నన్ను తీసింది.

ఆ రోజు ఆయన పెట్టడం చూసినట్టే, కిటికీ వైపు నించుని నన్ను కుడి బల్ల మీద పెట్టింది. బుడగ మధ్యలో ఉంది. ఆవిడ ముఖం వాడిపోయింది, బల్ల సరిగ్గానే ఉందనుకుంది పాపం. మళ్ళీ అలమర్లో పెట్టబోయి ఆగిపోయింది. ఏళ్ళ కిందట మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకుని విన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చింది.

"రెండోసారి అడగాల అన్నాడు," అని తనలో తాను అనుకుంది.

నా తల తిప్పి మళ్ళీ అదే చోట పెట్టింది. బుడగ ఒక్క పరుగున గీత దాటి కొసకు పోయింది. నేను పుట్టాక అంత ఆనందంగా ఎప్పుడూ తప్పు చూపించలేదు.

ఆవిడ నన్ను తిరగేసింది. వేలితో తడిమింది. కుంకుమ, కుంకుమ కింద గింజ. అది ఎవరు పెట్టిన బొట్టో ఆవిడకు తెలుసు. అక్కడే పొట్టులో కూర్చుండిపోయింది. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం పూట పూజ బొట్టు తుడవడానికి ఆవిడ చెయ్యి రాలేదు. నాకింకో భయం పట్టుకుంది. ఇప్పుడీవిడ గింజను గుట్టుగా గీకి పారేసి, "ఇంకోసారి మట్టం చూడండి" అని ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. తన పూజ తప్పైందని ఏ ఇల్లాలు మాత్రం ఒప్పుకుంటుంది? చాలామంది అంతకంటే చిన్నవే దాచడం చూశాను నేను.

ఆవిడ గీకలేదు. నన్ను అలాగే పట్టుకుని అరుగు మీదికి నడిచింది.

"ఏవండీ, ఇది చూడండి. మీ చెయ్యి కాదు తప్పు. నాది."

కనకలింగం నా అడుగు వంక చూశాడు. ఆవిడ ముఖం వంక చూశాడు. లోపలికొచ్చి నన్ను బల్ల మీద అటోసారి ఇటోసారి పెట్టాడు. బుడగ అటూ ఇటూ పరిగెత్తింది.

"మరి కుడిపక్కే ఎందుకు పోయింది?"

"ఆ బల్ల దగ్గర మీరు కిటికీ వైపు నించున్నారు కదండీ. ఈ అక్షరం అటు తిరిగింది."

ఆయన బల్ల అంచు పట్టుకుని వంగిపోయాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో మాణిక్యానికి తెలియలేదు, నాకూ తెలియలేదు. రెండూ అయ్యుంటాయి. "ఎన్నాళ్ళబట్టి తిడతన్నానే దీన్ని," అన్నాడు కుడిచేతిని ఎత్తి చూపిస్తూ. "అన్నం ముద్ద ఎత్తేటప్పుడు కూడా తిట్టాను."

"నన్ను తిట్టండి ఇప్పుడు."

"నిన్నెందుకు? కళ్ళకద్దుకుంది నేను కాదా?"

మాణిక్యం సన్న ఉలి తీసుకుంది. ఒక్కసారి దణ్ణం పెట్టుకుని, గింజ మొదట్లో ఆనించి తోసింది. అది ఎగిరి పొట్టులో పడింది. నా ఒళ్ళు నాకు దక్కింది. ఆ హాయి గురించి చెప్పడం నా తరం కాదు.

తర్వాత ఇద్దరూ కలిసి మూడింటి మీదుగా ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగి కట్టారు. దారానికి బుడగ ఉండదు, కంగారూ ఉండదు, దాని ముందు నేను కాస్త చిన్నబోయిన మాట నిజం. దారం చూసి ముక్కలు తీశారు, పెట్టారు. పెట్టిన ప్రతిచోటా నన్ను రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ ఒకటే చెప్పాను.

మర్నాడు పొద్దున్నే మిగిలిన టేకులో మొదటి పట్టీ బల్లలెక్కింది. వేలితో నొక్కితే చప్పుడు చేయలేదు. కనకలింగం కుడిచేత్తో పిడి పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఎప్పట్లాగే వణుకుతోంది, నా బుడగ దానికి వంత పాడుతోంది. రంపం కిందికి దిగింది, తన దారిన తను కోసుకుపోయింది. ఎనిమిది కోతలు. నాలుగు మూలలు కలిపి తాడు బిగించాక ఆయన గోరు పెట్టలేదు. పక్కకు జరిగాడు.

"నువ్వు చూడు," అన్నాడు.

మాణిక్యం నాలుగు మూలల మీదా గోరు నడిపించింది. ఎక్కడా దిగలేదు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. బోర్డు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ పటం ఇప్పుడు గ్రంథాలయం గోడ మీద ఉందట. అందులో కాలవలన్నీ సముద్రం వైపు వాటంగా పారతాయని లైబ్రరీ మేడం వచ్చినప్పుడు చెప్పింది. వాటిని కూడా నాలాంటిదెవరో కొలిచే ఉంటుంది. అది కూడా నాలాగే కంగారుతో సరిగా పడుకుని ఉండదు.

మళ్ళీ దసరా వచ్చింది. మాణిక్యం గంధం గిన్నె పట్టుకుని వరసగా అందరికీ బొట్లు పెట్టుకుంటూ నా దగ్గరకొచ్చింది. నేను బిగుసుకుపోయాను. ఆవిడ నన్ను ఎత్తి, అడుగు తడిమి చూసి, 'పో' అక్షరం పక్కన, ఎక్కడా ఆనని చోట, పలుచగా చుక్క పెట్టింది. అక్షింతలు చల్లలేదు. వెనక్కి తిరిగి, పీట మీద కూర్చున్న కనకలింగం ముందు వంగింది.

"చెయ్యి ఇలా పెట్టండి."

"నాకెందుకే?"

"పనిముట్లన్నిటికీ పెట్టాను కదా. ఇదొక్కటీ మిగిలిపోయింది."

ఆయన కుడిచెయ్యి చాపాడు. ఆవిడ మణికట్టు మీద గంధం రాసి కుంకుమ అద్దింది. చెయ్యి వణుకుతోంది కాబట్టి బొట్టు ఒక పక్కకు ఒరిగింది. నా బుడగ ఆ వైపు చూసింది గానీ, నేను కొలవలేదు.